మంటకు మిగిలిన విమానాలు

2002 జూన్ 17. కాలిఫోర్నియాలో వాకర్ అనే ఊరి దగ్గర అడవి తగలబడుతోంది. సి-130ఏ రకం విమానం ఒకటి కొండవాలు మీదికి దిగి, పొట్ట తెరిచి ఎర్రటి ద్రవం వదిలింది. ఆ చార ఇంకా గాల్లో ఉండగానే రెండు రెక్కలూ పైకి మడుచుకుపోయి ఊడిపోయాయి. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. వీడియోలో ఇదంతా కొన్ని సెకన్లే. ఎందుకు చూస్తున్నానో తెలియకుండానే చాలాసార్లు చూశాను.

నెల తిరిగేసరికి కొలరాడోలో మరొకటి కూలింది. అది రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం కట్టిన గస్తీ బాంబర్. దానికీ రెక్కే విరిగింది, ఇద్దరు పోయారు. రెంటిలోనూ లోహం అలసి పగుళ్లిచ్చిందని దర్యాప్తులో తేలింది.

బాంబుల కోసం చేసిన పొట్టలో మంట మీద పోసే నీళ్లు! వినడానికి ఎంత బాగుంటుంది. నేనూ ఒకప్పుడు మురిసిపోయాను, యంత్రానికి కూడా మనసు మారుతుందేమోనని. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. సైన్యం వద్దనుకున్నది చవగ్గా దొరికింది, అంతే. మార్టిన్ మార్స్ అనే భారీ నీటి విమానాలనే చూడండి. 1959లో పాత ఇనుము కింద పోవాల్సిన నాలుగింటిని కెనడా కలప కంపెనీలు కొన్నాయి. ఒక్కోటీ 27,000 లీటర్ల నీళ్లు మోసేది. అడవి మీద ప్రేమా? తమ దుంగలు తగలబడకుండా! అయినా అడవి బతికింది. ఉద్దేశం చిన్నదైతే ఫలితం కూడా చిన్నదవుతుందా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పాతది వాడుకోవడంలో తప్పేముందని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అమ్మమ్మ పాతచీర బొంత అయితే ఎవరూ కాదనరు. కానీ అదే చీరతో ఉయ్యాల కట్టినప్పుడు, బిడ్డను పడుకోబెట్టే ముందు రెండుసార్లు గట్టిగా లాగి చూస్తాం. వాకర్‌లో అలా లాగి చూసిన చెయ్యి ఏది?

పైగా ఆ విమానాలు మంటను ఆర్పేస్తాయన్నది మన భ్రమ. ఆ ఎర్రటి ద్రవంలో ప్రధానంగా ఉండేది అమ్మోనియం ఫాస్ఫేట్, మన రైతు దుక్కిలో వేసే డీఏపీకి దగ్గరి చుట్టం. ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. ముందు విమానం గీసిన గీత ఎక్కడ ఆగిందో వెనక వచ్చే పైలట్‌కు కనపడాలి కదా. ఆ ద్రవం మంటకు ఎదురుగా ఉన్న గడ్డికీ పొదలకూ పట్టి, అవి త్వరగా అంటుకోకుండా చేస్తుంది. ఆర్పాల్సింది మాత్రం కింద పారా, గొడ్డలి పట్టుకున్న మనుషులే. ఆ ద్రవం వాగులో పడితే చేపలు చస్తాయి. అందుకే అమెరికా అడవుల్లో నీటి ఒడ్డుకు 300 అడుగుల లోపల వదలకూడదని నియమం. టీవీ కెమెరాల కోసం వదిలించే దాన్ని అక్కడి అగ్నిమాపక సిబ్బంది ‘సీఎన్ఎన్ డ్రాప్’ అని వెక్కిరిస్తారు. ఎవరి భయం తీర్చడానికి ఎవరి ప్రాణం పైకెగురుతోంది?

శత్రువుకు జెండా ఉంటే ఖజానా తెరుచుకుంటుంది. మంటకు జెండా లేదు. మన దగ్గరా 2024 ఏప్రిల్‌లో నైనితాల్ అడవులు అంటుకుంటే, వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్‌కు బకెట్ వేలాడదీసి భీమ్‌తాల్ చెరువు నీళ్లు తోడాల్సి వచ్చింది.

మంట కోసమే పుట్టిన విమానం లేకపోలేదు. కెనడావాళ్ల సీఎల్-215 మొదటిసారి 1967లో ఎగిరింది. దాని తర్వాతి తరం సీఎల్-415 చెరువు మీద జారుతూ 12 సెకన్లలో 6,000 లీటర్లు నింపుకుంటుంది. దాని తయారీ కూడా 2015లో ఆగిపోయింది. యుద్ధవిమానాల కార్ఖానాలు ఆ తర్వాత ఒక్కరోజైనా మూతపడ్డాయా?

2023 జూలై 25న గ్రీసులోని ఎవియా దీవిలో ఒక సీఎల్-215 నీళ్లు వదిలి, చెట్టుకు రెక్క తగిలి కూలిపోయింది. తప్పు విమానం వయసుదేనని నేననను. చనిపోయిన ఇద్దరు పైలట్లలో చిన్నవాడికి 27 ఏళ్లు. ఆ రకం విమానాల తయారీ ఆగిపోయింది 1990లో.