చిటికెన వేలి లెక్క

మూడు, నాలుగేళ్ల పిల్లలకు లయ నేర్పడానికి వాయిద్యం కొనక్కర్లేదు, చేతులు చాలు. రెండు చప్పట్లు నిదానంగా, మూడు గబగబా కొట్టి, "ఇప్పుడు నువ్వు కొట్టమ్మా" అనండి. పాప తిరిగి అలాగే కొట్టిందంటే శ్రద్ధగా విన్నట్టు, వరస గుర్తుపెట్టుకున్నట్టు.

కాస్త పెద్దయ్యాక ఆదితాళం చూపించండి. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఆపైన దెబ్బ వేసి అరచెయ్యి తిప్పడం, రెండుసార్లు. మొత్తం 8 అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. ఈ లెక్కను మాటలతోనూ పలకొచ్చు. మృదంగం నేర్పే గురువులు జతులు, అంటే దెబ్బల పలుకులు, ముందు నోటితోనే పలికిస్తారు. 'తకిట' అంటే మూడు, 'తకధిమి' అంటే నాలుగు, 'తకతకిట' అంటే అయిదు. ఆదితాళంలో 'తకధిమి తకధిమి' సరిపోతుంది. 'తకిట తకిట తక' కూడా సరిపోతుంది! నాలుగూ నాలుగూ కలిసినా, మూడూ మూడూ రెండూ కలిసినా ఎనిమిదేనని ఆ పిల్లకు వేరే చెప్పాలా? సరిగ్గా మళ్లీ మొదటి దెబ్బకు చేరినప్పుడు ఆ మొహం చూడాలి.

తాళం తప్పితే కసురుకోకండి. పిల్లలకు పరుగు సులువు, నిదానం కష్టం. వేగం తగ్గించి మీరూ కలిసి వేయండి. ఫోన్‌లో పాట పెట్టి వదిలేస్తే తాళం రాదు, ఎదురుగా మనిషి ఉండాలి. చెమ్మచెక్క ఆడించిన అమ్మమ్మలు చేసిందీ అదే. ఈ సాయంత్రం ఓ పది నిమిషాలు మీ పిల్లల ఎదురుగా కూర్చోండి.