ముందే బయలుదేరిన వెలుగు

వాక్యభాగం: యోబు 38:1, 31–33

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకొరిగి ఉన్నాయి. తాతలు నాటిన తోటలవి. కరెంటు స్తంభాలు కూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అమావాస్య వెళ్లి రెండు రోజులే కాబట్టి వెన్నెల ఆసరా కూడా లేదు.

మబ్బు విడిచిన రాత్రి వాకిట్లో మంచం వేసుకున్నవాళ్లకు, అన్నేళ్లూ వీధిదీపాలూ కొబ్బరిమట్టలూ కప్పిన ఆకాశం అడ్డు లేకుండా కనిపించి ఉంటుంది. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నర దాటితే సముద్రం వైపు కృత్తికలు పైకొస్తాయి. పెద్దవాళ్లు పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపు.

పెనుగాలికి ఇల్లు కూలి బిడ్డలను పోగొట్టుకున్నవాడు యోబు. దేవుడు అతనితో మాట్లాడింది కూడా సుడిగాలిలోంచే. ఎందుకిలా జరిగిందో మాత్రం చెప్పలేదు. కృత్తికల మాట, మృగశిర మాట ఎత్తి, వాటి పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆలోచించుకోమన్నాడు. ఏడుస్తున్నవాడికి ఇదేం జవాబు అనిపిస్తుంది. అది తెలియాలంటే ఆ చుక్కల వైపే చూడాలి. అందుకు గొప్ప పరికరాలేమీ అక్కర్లేదు.

విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు, తన మామగారు గొడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూశారు. ఆయనకు మంచి దుర్భిణి ఉండేది. ఉద్దానంలో ఆ రాత్రులు ఉన్నది చీకటి ఒక్కటే. కృత్తికలకు అది చాలు.

మామూలు కంటికి ఆరేడు చుక్కలే. నిజానికి అవి వెయ్యికి పైగా నక్షత్రాలు. ఒకదాని ఆకర్షణకు ఒకటి కట్టుబడి, చెదరకుండా కలిసి సాగుతున్నాయి. అక్కడి వెలుగు మన దాకా రావడానికి సుమారు 440 ఏళ్లు పడుతుంది. ఉద్దానం చూసిన వెలుగు బయలుదేరేనాటికి ఆ తోటలు లేవు, వాటిని నాటిన తాతలూ లేరు. కష్టం పుట్టకముందే బయలుదేరి, కష్టం వచ్చిన రాత్రికి వాకిట్లోకి చేరింది. దేవుని కృప కూడా మనం మొరపెట్టాక కదిలేది కాదు. మన మొర కంటే ఎంతో ముందే అది దారిలో ఉంది.

ఈ రాత్రి ఫోను ఇంట్లో వదిలి డాబా ఎక్కండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. మొదటి నిమిషంలోనే ఏమీ లేదని దిగిపోకండి.

ప్రార్థన: ప్రభువా, కూలినవాటిని లెక్కపెట్టుకుంటూ తల దించుకునే ఉన్నాం. చెట్టు పోయినవాడికి మళ్లీ మొక్క నాటే ఓపికనివ్వు. నీ వెలుగు దారిలోనే ఉందని నమ్మి, చీకట్లో ఇంకాసేపు నిలబడే మనసు మాకివ్వు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.