ఎవరూ పిలవని వేళ

బుధవారం నిత్యసహాయమాత నవదిన ప్రార్థనలు జరిగే దేవాలయాలలో పీఠం దగ్గర విన్నపాల పెట్టె ఒకటి ఉంటుంది. ఒకప్పుడు అందులో పడే చీటీలలో జబ్బులు, సంతానం, అప్పులు ఎక్కువగా కనిపించేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు వాటితో సమానంగా ఉద్యోగం చీటీలు పడుతున్నాయి. "మా అబ్బాయికి ఏదో ఒక ఉద్యోగం రావాలి", "మా అమ్మాయికి డి.ఎస్సీ.లో పోస్టు రావాలి" అని తల్లులు రాస్తారు. పిల్లలు స్వయంగా రాసిన చీటీలు కొంచెం వేరుగా ఉంటాయి. "ఏ దారిన వెళ్ళాలో తెలియడం లేదు, దారి చూపించు తల్లీ" అని ఉంటుంది. ఈ రెండో రకం చీటీ గురించి మనం ఇంట్లో మాట్లాడుకోవడం తక్కువ. అందుకే ఈ వారం దాన్ని తీసుకుంటున్నాను.

ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉన్నప్పుడు "నేను దేనికోసం పుట్టాను, నా జీవితాన్ని ఏ పనికి ఇవ్వాలి" అని ప్రశ్నించుకోవడం కలిగినవాళ్ళ ముచ్చట కాదా? చాలామంది తండ్రుల అభిప్రాయం ఇదే. దొరికింది చేయి, మిగతాది తర్వాత చూద్దాం అంటారు. వేదికల మీద ఉపన్యసించేవారు దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు. మనసుకు నచ్చిందే చేయి, డబ్బు దానంతట అదే వస్తుంది అంటారు. మొదటి మాటలో అనుభవం ఉంది, ఆశ లేదు. రెండో మాటలో ఆశ ఉంది గానీ నెల మొదట్లో ఇంటి అద్దె కట్టిన అనుభవం లేదు. ఈ రెండు మాటలూ విరోధులుగా కనిపించినా లోపల ఒకటే నమ్మకం ఉంది. మనిషి బ్రతుకుకు అర్థమంతా ఆ ఉద్యోగంలోనే ఉన్నదని ఇద్దరూ అనుకుంటున్నారు.

మన భాష మొదట్లో అలా అనుకోలేదు. 'ఉద్యోగం' అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగ పర్వం ఉన్నది. అక్కడ ఎవరికీ నెల జీతం రాలేదు. ఒక పెద్ద కార్యానికి అందరూ సిద్ధపడటమే ఆ పర్వం. 'వ్యవసాయం' అన్నా మొదట నిశ్చయం అనే అర్థం. కాలక్రమంలో ఉద్యోగం జీతానికి పేరయింది, జీతం లేనివాడు నిరుద్యోగి అయ్యాడు. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే ప్రయత్నం లేనివాడని అర్థం. తెల్లవారకముందే లేచి గ్రంథాలయం తలుపు తీసేవరకు బయట నిలబడే కుర్రవాణ్ణి పట్టుకొని ప్రయత్నం లేనివాడంటున్నామన్నమాట! చుట్టాల పెళ్ళిళ్ళలో "ఇంకా ఖాళీయేనా బాబూ?" అని అడిగేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అసలు ఆ కుర్రవాడు దేనితో పోరాడుతున్నాడో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్సీ. తర్వాత ఉపాధ్యాయ పోస్టుల కోసం చదివినవారు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది, ఎన్నికల తర్వాత అది రద్దయింది. చివరికి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు ప్రకటన వెలువడింది. 2018లో బి.ఇడి. ముగించిన అమ్మాయి అప్పటికి ముప్పై ఏళ్ళకు దగ్గర పడింది. తెలంగాణలో 2022లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్షను ప్రశ్నపత్రాలు బయటకు పొక్కినందువల్ల 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చి, కథ మొదటికి చేరింది. ఇందులో అభ్యర్థుల తప్పు ఎక్కడున్నది? సముద్రాల అవతల ఉన్నవారి సంగతీ అంతే. 2022, 2023 సంవత్సరాలలో అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థలు వేలమందిని తీసివేసినప్పుడు, హెచ్-1బి వీసా మీద ఉన్న మన పిల్లలకు కొత్త యజమానిని వెతుక్కోవడానికి దొరికిన గడువు 60 రోజులు.

1981లో వెలువడిన 'లబోరెం ఎక్సెర్సెన్స్' అనే విశ్వలేఖలో రెండవ జాన్ పాల్ జగద్గురువులు నిరుద్యోగాన్ని ఎప్పుడైనా కీడుగానే, ఒక స్థాయి దాటితే సమాజానికి వచ్చిన విపత్తుగా పరిగణించారు. దాన్ని సోమరితనం పద్దులో వేయలేదు. ఎదురుగా ఉన్న యజమాని మీదనే గాక, పని పరిస్థితులను నిర్ణయించే ప్రభుత్వాలు, వ్యవస్థల మీద కూడా బాధ్యత మోపారు. కనుక ఉద్యోగం రాని బిడ్డను ఇంట్లో దోషిలా చూడటం అన్యాయం. దారి వెతకడం గురించి ఏం మాట్లాడినా దీని తర్వాతే మాట్లాడాలి.

అవనిగడ్డలో డి.ఎస్సీ. కోసం, నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోసం, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోసం గదులు తీసుకొని చదివే వేలమందికి ఎదురుచూపే ఒక జీవన విధానమైంది. ఆ ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుంది? ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరలో మరియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి బట్టల మిల్లు 1930 నాటికి మూతపడి, దాదాపు ఊరంతా పని లేకుండా అయింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా పరిశీలించి 1933లో గ్రంథం ప్రచురించారు. తీరిక పెరిగింది కాబట్టి జనం ఎక్కువ పుస్తకాలు చదివి ఉంటారని మనం అనుకుంటాం. కానీ గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. మగవాళ్ళు వీధిలో నడిచే వేగం కూడా తగ్గింది. నాలుగడుగులు వేసి ఆగేవారు. రోజంతా ఏం చేశావని అడిగితే చెప్పలేకపోయేవారు. ఆడవాళ్ళు మాత్రం వారికంటే వేగంగానే నడిచేవారు. మిల్లు జీతం వాళ్ళకూ పోయింది. అయినా వంట, పిల్లలు, అతుకులు వేయవలసిన బట్టలు ఉన్నాయి. జీతం పోయింది గానీ వాళ్ళ చేతుల కోసం ఎదురుచూసేవారు పోలేదు.

ఆ రోజుల్లోనే వియన్నాలో విక్టర్ ఫ్రాంకల్ అనే యువ వైద్యుడు నిరుద్యోగ యువకుల నిస్పృహను గమనించాడు. పని లేదు కాబట్టి నేను పనికిరానివాణ్ణి, పనికిరానివాణ్ణి కాబట్టి నా బ్రతుకుకు అర్థం లేదు. వాళ్ళ మనసులో ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుపోయిందని ఆయన గ్రహించాడు. యువజన సంఘాలలో, గ్రంథాలయాలలో, వయోజన విద్యలో జీతం లేని పనులకు వాళ్ళను ఒప్పించినప్పుడు, కడుపు ఖాళీగా ఉన్నా ఆ కుంగుబాటు తగ్గింది.

ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని దాటేయకూడదు. "జీతం లేకపోయినా సేవ చేయి, తృప్తి దొరుకుతుంది" అనే మాట చాలా త్వరగా యజమాని నోటికి చేరుతుంది. చిన్న ప్రైవేటు బడులలో టీచర్లకు ఇచ్చే జీతాలు పాఠకులకు తెలియనివి కావు. క్రైస్తవుల చేతిలో నడిచే సంస్థలు కూడా కొన్నిచోట్ల సేవ అనే మాటను జీతం తగ్గించే కత్తెరగా వాడుకుంటున్నాయి. చేసే మనిషి తనంతట తాను సమర్పించుకుంటేనే అది సేవ. పై నుంచి ఇంకొకరు కోస్తే అది కోతే. కుటుంబాన్ని పోషించుకోగల జీతం అందుతుందా లేదా అన్నదాన్ని మొత్తం ఆర్థిక వ్యవస్థ న్యాయానికి గీటురాయిగా ఆ విశ్వలేఖే పెట్టింది.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవండి. పొద్దు వాలేవేళకు యజమాని బజారుకు వెళ్తాడు. ఇంకా కొందరు నిలబడే ఉన్నారు. ఎందుకని అడిగితే, తమను ఎవరూ పనికి పెట్టుకోలేదని చెబుతారు. ఆయన వాళ్ళ మాట నమ్మాడు. మీలో ఏదో లోపం ఉండబట్టే ఎవరూ పిలవలేదని అనలేదు. తోటలోకి పంపించి, సాయంత్రం రోజు కూలి మొత్తం చేతిలో పెట్టాడు. ఒక్క గంట పనిచేసినవాడి ఇంట్లోనూ ఆ రాత్రి తినవలసినవారు అంతమందే ఉంటారు కదా. ఈ ఉపమానంలో మనం సాధారణంగా ఉదయం వచ్చిన కూలీల సణుగుడు మీద ప్రసంగం వింటాం. కానీ పొద్దుటి నుంచీ బజారులోనే నిలబడినవారి ఓర్పు కూడా అందులో ఉన్నది. వాళ్ళు ఇంటికి వెళ్ళిపోలేదు.

దారి వెతకడం దగ్గరికి వద్దాం. 'దైవపిలుపు' అనగానే మనకు గురువులు, మఠకన్యలు గుర్తుకొస్తారు. మంచి కాపరి ఆదివారం నాడు చేతులు జోడించి వాళ్ళ కోసం ప్రార్థిస్తాం. అది మంచిదే. కానీ పవిత్రతకు పిలుపు అందరికీ ఉన్నదని రెండవ వాటికన్ మహాసభ బోధించి అరవై ఏళ్ళు దాటింది. ఎలక్ట్రీషియన్‌కు, నర్సుకు, బ్యాంకు గుమాస్తాకు కూడా పిలుపు ఉంటుందని మన జ్ఞానోపదేశ తరగతులలో ఎంతమంది పిల్లలు విన్నారు?

పిలుపుకూ కోరికకూ తేడా ఉంది. కోరిక లోపలి నుంచి పుడుతుంది. పిలుపు రావాలంటే పిలిచేవారు ఉండాలి. అద్దం ముందు కూర్చొని "నాకేం ఇష్టం?" అని అడిగితే, పాతికేళ్ళ వయసులో చాలామందికి జవాబు రాదు. రాకపోవడం లోపం కాదు. "నా చుట్టూ ఎవరికి ఏం కావాలి? అందులో నా చేతికి ఏది వస్తుంది? ఏది నేర్చుకోగలను?" అన్న ప్రశ్నలకు జవాబులు కాస్త తొందరగా దొరుకుతాయి. లెక్కలు బాగా చెప్పగల అమ్మాయికి డి.ఎస్సీ. పోస్టు ఇంకా రాలేదు. కానీ ఆమె వీధిలో ఎనిమిదో తరగతి భిన్నాల దగ్గర ఆగిపోయిన పిల్లలు నలుగురున్నారు. ఆమె టీచరా కాదా? ప్రభుత్వం ఇంకా చెప్పలేదు, ఆ నలుగురు చెప్పగలరు. ఆ పోస్టు అక్కరలేదని నేననడం లేదు. అది రావాలి, దానికోసం ఆమె గట్టిగా చదవాలి. కానీ పోస్టు వచ్చిన రోజున ఆమె టీచరుగా పుట్టదు.

పునీత ఎడిత్ స్టెయిన్ జీవితం నాకు ఇందుకే గుర్తుకొస్తుంది. 1916లో తత్వశాస్త్రంలో డాక్టరేటు పొంది, హుస్సెర్ల్ వంటి మహా తత్వవేత్తకు సహాయకురాలిగా పనిచేసిన విదుషీమణి ఆమె. 1919లో విశ్వవిద్యాలయంలో బోధించే అర్హత కోసం దరఖాస్తు చేస్తే, స్త్రీ అన్న కారణంతో పరిశీలించకుండానే తిప్పిపంపారు. ఆమె మౌనంగా ఊరుకోలేదు, ప్రభుత్వానికి రాసింది. స్త్రీ కావడం అడ్డంకి కాకూడదని మంత్రిత్వశాఖ 1920లో స్పష్టం చేసింది గానీ ఆమెకు ఉద్యోగం మాత్రం రాలేదు. 1922లో జ్ఞానస్నానం పొందిన తర్వాత, 1923 నుంచి 1931 వరకు స్పేయర్ పట్టణంలో దొమినికన్ మఠకన్యల బాలికల పాఠశాలలో జర్మన్ భాష బోధించింది. తన చదువుకు అది చిన్న పనేనని ఎవరైనా అనవచ్చు. ఆ కాలంలోనే పునీత తోమాసు అక్వినాసును జర్మన్‌లోకి అనువదించింది, స్త్రీ విద్య మీద ఉపన్యాసాలిచ్చింది. 1932లో మ్యూన్‌స్టర్‌లో బోధనాస్థానం దొరికితే, యూదు సంతతి కావడం వల్ల నాజీలు వచ్చిన 1933లోనే అది పోయింది. ఆ ఏడే కార్మెల్ మఠంలో చేరింది. మూసుకున్న తలుపు మీద ఫిర్యాదు చేస్తూనే, తెరిచి ఉన్న తలుపులో చేయవలసిన పనిని ఆమె తక్కువగా చేయలేదు.

ఉద్యోగాలు కరువైనప్పుడు ఇంకొక పరీక్ష కూడా ఎదురవుతుంది. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే సర్టిఫికెట్లు డబ్బుకు దొరుకుతాయి. బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే దళారులు ఉన్నారు. పొలం అమ్మి కట్టి మోసపోయిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. "అందరూ పెట్టేదే కదా" అని తండ్రే కొడుకుతో అంటే, ఆ కుర్రవాడు ఇక ఎవరిని అడగాలి? అబద్ధం మీద నిలబడిన ఉద్యోగంలో ప్రతి రోజూ బయటపడే భయంతో మొదలవుతుంది. దళిత క్రైస్తవుల బాధ వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. మన దగ్గర బి.సి.-సి కింద దక్కింది ఒక్క శాతం. కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతంగా బ్రతకవలసి వచ్చిన ఇళ్ళ వేదన, ఆ కాగితం అవసరం లేనివారికి అర్థం కాదు. ఆ ఇళ్ళ మీద తీర్పు చెప్పేముందు ఆ ఉత్తర్వు మీద మన గొంతు ఎంత వినిపించిందో ఆలోచించుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్షలకు ఎన్నేళ్ళు ఇవ్వాలో మొదటే పిల్లలతో కూర్చొని మాట్లాడుకోండి. రెండేళ్ళా, మూడేళ్ళా? ఆ గడువు ముగిశాక ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోండి. గడువు లేని ఎదురుచూపులో వయసు ఒక్కటే ముందుకు కదులుతుంది. చదువుతోపాటు చేతికి ఒక పని నేర్పించండి. ఎ.సి. మరమ్మతు అయినా, జి.ఎస్.టి. లెక్కలు అయినా, ముసలివారిని చూసుకునే శిక్షణ అయినా పరవాలేదు. డిగ్రీ చదివి ఈ పనేమిటని అనకండి. వడ్రంగి ఇంట్లో పెరిగినవాణ్ణి మనం ప్రభువని పిలుస్తున్నాం.

విచారణలలో కూడా చేయదగినది ఉంది. శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగను 1955లో పన్నెండవ భక్తినాథ జగద్గురువులు మే 1న స్థాపించారు. ఆ రోజు మనం పూజ చేసి, జెండా ఎగరేసి, మిఠాయి పంచుకొని ఇళ్ళకు పోతున్నాం. దేవాలయం పక్కన సాయంత్రం తాళం వేసి ఉండే హాలులో నాలుగు బల్లలు, రెండు దీపాలు, ఒక దినపత్రిక పెడితే పోటీ పరీక్షలకు చదివేవారికి చోటవుతుంది. అక్కడ చదివేవారు రోజుకు గంటసేపు చిన్న పిల్లలకు చదువు చెబితే ఆ హాలుకు అద్దె అదే. సంఘంలో ఏ పని ఎవరికి వచ్చు, ఎవరి దుకాణంలో మనిషి కావాలి అన్న జాబితా ఒకటి ఉపదేశిగారి దగ్గర ఉంటే, పెళ్ళి సంబంధాలు అడిగినట్టే దాన్నీ అడిగి తెలుసుకోవచ్చు. వచ్చే మే 1 దాకా ఆగనక్కరలేదు, హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ ఆదివారమే కనుక్కోవచ్చు.