ఎవరి అడుగు ప్రమాణము?

జంషెడ్‌పురమున నివసించువారికి దల్మా కొండ నిత్యదర్శనీయము. సువర్ణరేఖానదికి ఆవల, సుమారు 3,000 అడుగుల ఎత్తున, కర్మాగారముల పొగకును ఆకాశమునకును నడుమ నీలిగీతవలె అది కానవచ్చుచుండును. ఉద్యోగములకై తరలివచ్చి తరములుగా ఇచటనే స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున కలవు. అట్టి కుటుంబమునకు చెందిన దంపతులిరువురు ఒక సాయంకాలమున నాయొద్దకు వచ్చి ఒక ప్రశ్న నడిగిరి. ప్రశ్న చిన్నది. కాని దానికి నేను వెంటనే ప్రత్యుత్తరమీయజాలకపోయితిని.

వారు ఆదివారములందు దల్మా నెక్కుచు కాళ్ళకు బలము గూర్చుకొని, ఒక సెలవులో సందక్‌ఫూ శిఖరమునకు కాలినడకన పోయి వచ్చిరి. పశ్చిమవంగ రాష్ట్రమునందెల్ల ఉన్నతమైన ఆ తావు 3,636 మీటర్ల ఎత్తున నున్నది. మానేభంజన్ గ్రామమున బయలుదేరి, మొదటి రాత్రి టోంగ్లూలో, రెండవ రాత్రి కాలీపోఖరిలో, మూడవ రాత్రి శిఖరముపైన విడిసిరి. ఇట్లు బసనుండి బసకు నడచుట అచటి పద్ధతి. దారి చూపువాడొకడు వెంట నుండెను. మూటలు మాత్రము ఎవరివి వారే మోసికొనిరి.

భర్త దృఢకాయుడు. ఆయన ముందు నడచి, మలుపున మూట దించి, భార్యకై వేచియుండును. ఆమె రొప్పుచు చేరగనే లేచి, “ఇక పోదమా?” అనును. రెండు దినములిట్లు గడచినవి. మూడవనాటి ఎక్కుడున ఆమె దారిలో నిలిచిపోయి, “మీరు నాకొరకు ఆగిన ప్రతిసారియు మీకు విశ్రాంతి దొరకినది. నేను చేరిన ప్రతిసారియు మరల నడక మొదలైనది. దారిలో నేను కూర్చుండియే యెరుగను” అనెను. ఆయన నొచ్చుకొని, “ప్రతి మలుపునను నీకొరకు ఆగితిని గదా! ఇంకేమి చేయవలెను?” అనెను. ఆ పూట మాటలు లేకయే వారు శిఖరము చేరిరి. కాంచనగంగ కన్నులయెదుట వెలుగుచుండగా ఇరువురును చెరియొక వైపున కూర్చుండిరట.

“స్వామీ, బలము గలవాడు దానిని కుదించుకొని నడచుట ధర్మమా?” అని ఆయన అడిగెను. “బలము లేనివారు మరియొకరికి భారమగుట ధర్మమా?” అని ఆమె అడిగెను.

ఇట్టి నడక లోకమునకు క్రొత్త కాదు. స్విట్జర్లాండులో 1863లోను, నార్వేలో 1868లోను ఏర్పడిన సంఘములు పర్వతములపై బాటసారులకు కుటీరములు కట్టించినవి. నార్వేలో కావలివాడు లేని కుటీరములును కలవు. బాటసారి తలుపు తెరచుకొని, అచట నిలువయుంచిన ఆహారమును తిని, దాని వెలను తానే లెక్కించి చెల్లించును. తరువాత వచ్చువానికై కట్టెలు చీల్చియుంచి పోవును. మన దేశమున మోటారు బాటలు పడకముందు బదరీ కేదార యాత్రికులు చట్టినుండి చట్టికి నడచెడివారు. వృద్ధదంపతులు ఒకరి చేయి నొకరు పట్టుకొని ఆ బాట నడచినారు. ముఖము నెరుగని బాటసారికై కట్టెలు చీల్చు మానవుడు, ప్రక్కన నడచుచున్న సహధర్మచారిణి అలసట నెరుగకుండుటకు కారణమేమి? ఎరుగనివానికి చేయు ఉపకారము ఒక పూటతో ముగియును. ప్రక్కవారికి చేయవలసినది అడుగడుగునను చేయవలెను. అందువలననే అది కష్టము.

రామాయణమున సీతారాములు సామాన్యముగా ఒక్క ఆశ్రమమునందే నిలిచినట్లు మనము తలంతుము. కాని దండకారణ్యమున వారు ఇంచుమించు పదియేండ్లు ఒక మునివాటికనుండి మరియొక మునివాటికకు పోవుచు, ఒకచోట కొన్ని నెలలు, వేరొకచోట ఏడాది వసించిరని వాల్మీకి చెప్పుచున్నాడు. వారు నడచిన వరుసను గూడ ఆయన విడువలేదు. గంగ దాటిన పిదప లక్ష్మణుని ముందు నడువుమని, సీతను వాని వెనుక నుంచి, రాముడు తాను చివర నడచెను. అరణ్యకాండమున రాముడు ముందును, లక్ష్మణుడు వెనుకను నడచిరి. ముందువాడును వెనుకవాడును మారిరి. సీత స్థానము మాత్రము మారలేదు. రెండుమారులును ఆమె నడుమనే యున్నది. నడుమ నున్నవారిని విడిచి ముందువాడు దూరము పోజాలడు. వారిని దాటి వెనుకవాడు రాజాలడు. సుకుమారి అడుగే మహావీరుల నడకకు ప్రమాణమైనది.

అయినను సీత మౌనముగా నడువలేదు. రాక్షసులను వధింతునని రాముడు మునులకు మాటయిచ్చినప్పుడు, వైరము లేనివారిపై ఆయుధమెత్తుట తగునా యని ఆమె సూటిగా ప్రశ్నించినది. చేత ఖడ్గము నుంచుకొనుటచేతనే మనస్సు క్రూరమై చెడిన తాపసుని కథను చెప్పినది. రాముడామె సలహాను స్వీకరింపలేదు. తన ప్రతిజ్ఞను విడువలేదు. కాని ఆమె మాటకు అలుగలేదు, స్నేహముతో చెప్పితివని సంతోషించెను. కావున నడుమ నున్నవారికిని ఒక ధర్మము కలదు. అది నిజము చెప్పుట. ఎత్తైన ప్రదేశములందు తలనొప్పిని, వికారమును దాచుకొని నడచుట ప్రాణాపాయకరము. అట్టి లక్షణములు కనబడినచో పైకెక్కుట మానవలెను, తగ్గకున్నచో దిగిరావలెను. అలసటను దాచుట త్యాగమని భ్రమపడువారు, తోడివాడు చేయవలసిన ధర్మమును చేయనీయక అడ్డుపడుచున్నారు.

ఇచట నొక శంక. మహాప్రస్థానమున ద్రౌపది మొదట కూలినప్పుడు ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు గదా! గమ్యమే ముఖ్యమని ఆ కథ చెప్పుట లేదా? ఆ కథను చివరివరకు చదువవలెను. తమ్ములును ద్రౌపదియు లేని స్వర్గము తనకు వలదని ధర్మరాజు ఇంద్రునితో పలికెను. వారు ముందే స్వర్గము చేరిరని ఇంద్రుడు తెలిపెను. పిమ్మట, వారిని విడిచిన నీవు ఈ కుక్కను ఏల విడువవని ఆక్షేపింపగా, చనిపోయినవారిని బ్రదికింపజాలక విడిచితిని గాని జీవించియుండగా విడువలేదని ఆయన చెప్పిన సమాధానము. సర్వమును త్యజించి మరలిరాని యాత్రకు బయలుదేరినవాడే బ్రదికియున్న తోడును విడువరాదని నిర్ణయించెను. సోమవారము ఇల్లు చేరి, అదే భార్యతో కాపురము చేయవలసిన గృహస్థుడు ఆ నిర్ణయమును మీరుటకు ఆధారమెక్కడ?

కావున ఆగుట వేరు, తోడుండుట వేరు. ముందుపోయి ఆగువాడు తన బలమును తనకే వ్యయపరచుకొని, మిగిలిన కాలమును దానమిచ్చుచున్నాడు. తోడు నడచువాడు బలమునే ఇచ్చుచున్నాడు. ఇది బలమును కుదించుకొనుట కాదు. పరుగెత్తుట శరీరబలము. పరుగెత్తగలిగియు మెల్లగా, విసుగు లేక నడచుట మనోబలము. దల్మా యేనుగుల మంద పిల్లల నడక ననుసరించి సాగును. వానికది స్వభావము. మనకది సాధన. ఇక భారమను మాట: అగ్నిసాక్షిగా ఏడడుగులు నడచునప్పుడు ఎవరెంత వేగముగా నడువగలరని ఎవరును కొలువలేదు. ఆనాడు భారము కాని అడుగు ఈనాడెట్లు భారమగును?

నేను వారితో ఇంతయు చెప్పలేదు. “విశ్రాంతి వెనుకవారు కూర్చుండినప్పుడు మొదలగునని లెక్కింపుడు. ఆమె ముందు నడువవలెను, మీరు వెనుక నడువవలెను. అమ్మా, అలసినప్పుడు అలసితినని చెప్పుడు” అని మాత్రము చెప్పితిని.

కొన్ని వారములకు వారు మరల వచ్చిరి. దల్మాపై అట్లే నడచిరట. “మొదటి గంట సహింపరాకుండెను, స్వామీ. నాలో కోపము పొంగుచుండెను. ఆ కోపము ఆమె నడకవలన పుట్టినది కాదని, నాలో ముందే యున్నదని అప్పుడు తెలిసినది. ముందు పరుగెత్తుచుండినన్నాళ్ళు అది కనబడలేదు” అని ఆయన చెప్పెను. ఆమె నవ్వి, “నాకును ‘అలసితిని’ అను మాట అంత సులభముగా రాలేదు. మూడుమారులు మ్రింగి, నాలుగవమారు చెప్పితిని” అనెను.

ఆనాడు శిఖరము చేరక, సగము దారినుండియే వారు మరలివచ్చిరట.