వాగు ఎవరిది?

వానలు పడి జలపాతాల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవగానే శనివారం రాత్రుళ్లు అమీర్‌పేట, పంజగుట్ట రోడ్ల మీద టెంపో ట్రావెలర్లు ఆగి ఉంటాయి. కోచింగ్ హాస్టళ్ల పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు బ్యాగులతో ఎక్కుతారు. తెల్లారేసరికి కొన్ని ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగతకు, కొన్ని ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాలకు చేరతాయి. ఆ బండ్లలో మన పిల్లలూ ఉంటారు. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదవడానికి వచ్చిన కోయ, గోండు యువకులను "మీ వైపు జలపాతం చూపించవా" అని స్నేహితులు అడగడం మామూలే. మనకూ చూపించాలనే ఉంటుంది. నగరంలో మనం గర్వంగా చెప్పుకోవడానికి దొరికేవి తక్కువ.

సాయంత్రానికి ఒడ్డున మిగిలేది అందరం చూస్తున్నదే. ఇసుకలో పగిలిన బీరు సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, చిప్స్ కవర్లు. ఆ గాజు మీద నడిచేవి చెప్పుల్లేని మన పిల్లల కాళ్లు. ఆ కవర్లు మింగేవి మన పశువులు. అంతకంటే బాధపెట్టేది ఇంకొకటుంది. వాగులో స్నానం చేస్తున్న, బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్లు వాళ్లకు తెలియకుండానే ఎవరి రీల్‌లోనో పడిపోతున్నారు.

అందుకే "బయటివాళ్లను రానివ్వొద్దు" అనే మాట మనలో వినపడుతోంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ గుంపే తప్పా? మేడారం జాతరలో లక్షల మంది జంపన్న వాగులో మునుగుతారు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు గోదావరి నీళ్ల కోసం కేస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాకా కాలినడకన పోతారు. వాళ్లదీ గుంపే. కానీ నీళ్ల కోసం అంత దూరం నడిచినవాడికి ఆ నీళ్లలో సీసా విసరాలనిపించదు. మేడారంలో మాత్రం జాతర ముగిశాక చెత్త కుప్పలు మిగులుతాయి, ఆ చెత్త అంతా బయటివాళ్లదే అనలేం. కాబట్టి లోపలివాడు, బయటివాడు అని గీత గీస్తే ఈ ప్రశ్న తేలదు.

ఒక సంగతి చూడండి. ఆదివారం వాగులో సీసా విసిరిన యువకుడే సోమవారం అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఖాళీ సీసా పట్టుకుని చెత్తబుట్ట కోసం వెతుకుతాడు. అక్కడ కెమెరా ఉంది, జరిమానా ఉంది అంటారు. నిజమే గానీ అదొక్కటే కాదు. స్టేషన్‌కు ఒక యజమాని ఉన్నాడని అతనికి తెలుసు. వాగు అందరిదని విన్నాడు, అందరిదంటే ఎవరిదీ కాదని అనుకున్నాడు. చదువు లేక కాదు. రామ్‌సర్ ఒప్పందం 1971 అని బిట్టు పెట్టగలడు.

ఎవరిదీ కాని నీళ్ల గతి ఏమిటో చూడటానికి పంజగుట్ట నుంచి దూరం పోనక్కర్లేదు. 16వ శతాబ్దంలో కట్టిన హుస్సేన్ సాగర్ ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. నాలాలు మోసుకొచ్చిన మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు దాన్ని ఏం చేశాయో ముక్కు మూసుకుని నడిచేవాళ్లకు తెలుసు. (దాన్ని పాడుచేసింది విహారానికి వచ్చినవాళ్లు కాదు, అది వేరే కథ.) నీళ్లను ముట్టుకోకుండా చూడటానికి అలవాటుపడిన నగరం, దిగి ఆడుకోగల నీళ్ల కోసం వందల కిలోమీటర్లు వస్తోంది. ఆ కోరికను మనం తక్కువ చేయలేం.

తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయ, గోండి మాటల్లో అదే మాటకు అర్థం నీళ్లు. చూసే నీళ్లు వేరు, తాగే నీళ్లు వేరు అని మనకు లేదు. వచ్చేవాళ్లలో దారి అడిగేవాళ్లే ఎక్కువ, వాగు సంగతి అడిగేవాళ్లు తక్కువ. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార చూడటానికి పోయిన సుమారు 80 మంది వాగు పొంగి రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. సహాయ బృందాలు వెళ్లి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. ఎంత వాన పడితే ఏ వాగు దాటకూడదో గూడెంలో చిన్నపిల్లలకూ తెలుసు.

మరి చెప్పేదెవరు? పదిమంది స్నేహితుల మధ్య ఒక్క కోయ పిల్లవాడు "ఆ సీసా బ్యాగులో పెట్టు" అనడం తేలిక కాదు. అడవివాడంటూ నవ్వుతారేమోనని జంకు. గది అద్దె పంచుకునేదీ వాళ్లతోనే. ఒక్కడి నెత్తిన ఆ భారం పెట్టడం అన్యాయం.

ఇంటికొచ్చిన చుట్టాన్ని చెప్పులు బయట విడవమంటే తప్పుపట్టడు. వాగు మనది అనడం తాళం వేయడానికి కాదు, ఆ మాట చెప్పడానికి. 1996 పెసా చట్టం ఉమ్మడి వనరులను, 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చాయి. ఏ రేవు ఆడవాళ్లదో, ఎక్కడ ఫోన్ తీయకూడదో, ఎప్పుడు మడుగులోకి దిగకూడదో సభ తీర్మానించవచ్చు. ఆదివారం బొంగు చికెన్, మొక్కజొన్న పొత్తులు అమ్మి ఇల్లు నడుపుకునేవాళ్లు గుంపు తగ్గితే ఎట్లా అంటారు. వాళ్ల మాటా వినాల్సిందే. బండ్లు రాకముందే చీకట్లో వాగుకు పోయి వస్తున్న ఆడవాళ్లను మాత్రం ఆ సభలో ముందు కూర్చోబెట్టి, మాట వాళ్లతోనే మొదలుపెట్టించాలి.