పట్టు ఎక్కువైతే మంచిదనుకోకు నాయనా

రా నాయనా, ఇలా అరుగు మీద కూర్చో. బండి నీడలో పెట్టావా? సరే. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "బాబాయ్, ముందు చక్రానికి సింటర్డ్ ప్యాడ్లు వేయిద్దామనుకుంటున్నా, హెచ్‌హెచ్ అని రాసున్నవి చూశాను, ఆర్డర్ పెట్టేయనా?" అని. పెట్టేయకు. రెండు రోజులు ఆగు. డబ్బు దండగని కాదు నేను ఆగమనేది. నీ ఈడువాళ్లు సైలెన్సర్‌కీ స్టిక్కర్లకీ పోస్తారు. నీకు బ్రేకు మీద ఖర్చు పెట్టాలని బుద్ధి పుట్టింది, అది నాకెంత సంతోషమో చెప్పలేను. ఆలోచన మంచిదే. తొందరే వద్దంటున్నా.

ముందు ఒక్క మాట చెప్పు. ఉన్న బ్రేకు ఎందుకు నచ్చలేదు? "సరిగ్గా పట్టడం లేదు" అంటావు. ఎందుకు పట్టడం లేదో వంగి చూశావా? చూసుండవు, నాకు తెలుసు. నలభై ఏళ్లు షెడ్డు నడిపాను. ప్యాడ్లు మార్చమని వచ్చిన బళ్లలో చాలావాటికి ప్యాడ్ల తప్పేమీ ఉండేది కాదు. కాలిపర్ అటూ ఇటూ జారే పిన్నులు గ్రీజు లేక బిగుసుకుపోయి ఉండేవి. ఒక ప్యాడ్ రేకు దాకా అరిగిపోయేది, రెండోది నిన్న కొన్నట్టు ఉండేది. ఆ పిన్నులు తీసి, తుడిచి, వేడికి తట్టుకునే గ్రీజు రాసి, పిస్టన్ చుట్టూ పేరుకున్న బురద కడిగితే చాలు, అదే పాత ప్యాడ్ ముద్దుగా పట్టేది. ఇంకొన్ని బళ్లలో చెయిన్‌కి కొట్టిన స్ప్రే ఎగిరి డిస్కు మీద పడేది. నూనె పీల్చుకున్న ప్యాడ్‌ని మాత్రం ఎంత గీకినా లాభం లేదు, పారేయాల్సిందే. డిస్కు తుడవకుండా దాని మీదే కొత్త ప్యాడ్ వేశావనుకో, అదీ వారంలో పాడవుతుంది. అందుకే ముందు బ్రేకు చూడు, తర్వాత ప్యాడ్ చూడు అంటాను.

ఇక బ్రేక్ ఆయిల్. ఎప్పుడు మార్పించావు? కొన్నప్పటి నుంచీ అదేనా? అదిగో, అక్కడే ఉంది అసలు సంగతి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుంది? చెమ్మ లాగేసుకుని ముద్దవుతుంది. బ్రేక్ ఆయిల్‌ది కూడా అచ్చంగా అదే గుణం, గాలిలో తేమని లాక్కుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే 155 డిగ్రీలకే మరిగే స్థితికి దిగజారొచ్చు. తిరుమల ఘాట్ మీంచి కిందికి దిగుతూ, న్యూట్రల్‌లో పెట్టి, మలుపు మలుపుకీ బ్రేకు పట్టుకుంటూ వస్తే ఆ వేడి వచ్చేస్తుంది. ఆయిల్‌లో బుడగలు పుడతాయి. లివర్ నొక్కితే స్పాంజిని నొక్కినట్టు మెత్తగా పోతుంది, బండి మాత్రం ఆగదు. అప్పుడు నీ ఖరీదైన ప్యాడ్ ఏం చేస్తుంది పాపం? పైగా సింటర్డ్ ప్యాడ్ అంటే లోహపు పొడిని గట్టిగా అదిమి, కాల్చి చేసేది. ఆ లోహం వేడిని వెనక పిస్టన్‌కీ, ఆయిల్‌కీ ఇంకా తొందరగా చేరవేస్తుంది. పాత ఆయిల్ మీద కొత్త సింటర్డ్ ప్యాడ్ వేయడమంటే ఇదీ కథ. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చు. గిన్నెలో లేత పసుపుగా ఉండాల్సింది డికాషన్ రంగుకి వచ్చిందంటే రెండేళ్లు కూడా చూడకు. దిగేటప్పుడు రెండో గేరులో దిగు. ఇంజనే సగం బ్రేకు.

సరే, అవన్నీ చూశాం, బాగానే ఉన్నాయి, అప్పుడు ప్యాడ్ల దగ్గరికి వద్దాం. వెనక రేకు మీద రెండు అక్షరాలు కొట్టి ఉంటాయి, అన్ని కంపెనీలూ కొట్టవనుకో. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పుడు పట్టు. ఎఫ్ అంటే రాపిడి 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 పైన. అంతే. ఎన్నాళ్లు మన్నుతుందో, నీ డిస్కుని ఎంత తింటుందో, నీ చేతికి ఎలా తగులుతుందో ఆ అక్షరాలు చెప్పవు. హెచ్‌హెచ్ అని ఉంది కాబట్టి అన్నిటికన్నా గొప్పదని నువ్వనుకున్నావు. పట్టు ఎక్కువే, కాదనను. ఎవరి బండికి, ఎవరి చేతికి అన్నదే ప్రశ్న.

నీ వెనక ఎవరు కూర్చుంటారు నాయనా? ఆదివారం పూట మా వదిన, అదే మీ అమ్మ, కూర్చుంటుంది. చీర కట్టుకుని, రెండు కాళ్లూ ఒక పక్కకే వేసి, ఒక చేత్తో నీ భుజం, ఇంకో చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని. సందు మలుపులో నువ్వు పది కిలోమీటర్ల మీద ఉండగా కుక్క అడ్డం వస్తుంది. లివర్ మీద వేలు వేస్తావు. గబుక్కున కరిచే ప్యాడ్ అయితే బండి అక్కడే బిగుస్తుంది, వదిన ముందుకి తూలుతుంది. అంత నెమ్మదిలో ఏబీఎస్ కూడా ఆదుకోదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, నీ బండికీ ఉంది, మంచిదే. కానీ అది చక్రాన్ని బిగుసుకోనివ్వదు తప్ప రోడ్డు మీది ఇసుకని ఊడ్చదు. చివరికి బండిని రోడ్డు మీద ఆపేది టైరు. అరిగిన టైరు మీద హెచ్‌హెచ్ ప్యాడ్ వేసి ఏం లాభం? ఆ డబ్బు ముందు టైరుకి పెట్టు.

అందుకని నా మాట ఇది. నువ్వు తిరిగేది ఊళ్లో, నెలకోసారి మన ఊరికి. నీకు కంపెనీ ప్యాడ్ గానీ, మంచి పేరున్న, కాస్త లోహం కలిపిన సెమీ మెటాలిక్ గానీ చాలు. చేయి ఎంత నొక్కితే అంతే పడుతుంది, డిస్కుని పదిలంగా చూసుకుంటుంది. కాస్త తొందరగా అరిగితే అరగనీ. నువ్వు వారం వారం ఘాట్లెక్కేవాడివైతే, వానలో తడుస్తూ హైవే మీద తిరిగేవాడివైతే అప్పుడు సింటర్డ్ వేయించు, నేనే దగ్గరుండి బిగిస్తాను. తడిలోనూ వేడిలోనూ దాని పట్టు సడలదు, ఆ గుణం దానికుంది. అసలు కొన్ని బళ్లకి కంపెనీయే సింటర్డ్ ఇస్తుంది, నీ బండికి ఏది వచ్చిందో ముందు పుస్తకంలో చూడు. ఏది కొన్నా బిల్లు ఇచ్చే షాపులో కొను. డబ్బా ఒకటి, లోపల సరుకొకటి ఉన్నవి నా చేతుల మీదుగా బోలెడు పోయాయి. నెల తిరక్కుండా రేకు మీంచి పొర ఊడి వచ్చేది. వెనక చక్రానికి మాత్రం గట్టి ప్యాడ్ వేయకు. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకి వస్తుంది, తేలికపడ్డ వెనక చక్రం ఊరికే బిగుసుకుంటుంది.

డిస్కు మీద కనీస మందం ఎంతో అంకె కొట్టి ఉంటుంది, దానికన్నా పలచబడితే ఏ ప్యాడూ వద్దు, డిస్కు మార్చాలి. ప్యాడ్లు రెండూ జతగానే మార్చు.

ఇప్పుడు చెప్పేది బాగా విను. ప్యాడ్ మందంగా వస్తుంది కాబట్టి పిస్టన్లని లోపలికి నెట్టి బిగిస్తాం. అలా నెట్టాక మొదటిసారి లివర్ నొక్కితే అది ఖాళీగా గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. నా షెడ్డులోనే జరిగింది. ప్యాడ్లు నేనే వేశాను, ఇంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లాను. పని నేర్చుకునే కుర్రాడు ట్రయల్ చూద్దామని బండి తీశాడు. రోడ్డెక్కే చోట బ్రేకు నొక్కితే చేతికి ఏమీ తగల్లేదు. ఎదురుగా సోడా బండి. వాడి మణికట్టు విరిగింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఊరికే చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచీ ప్యాడ్ వేశాక లివర్ పదిసార్లు నొక్కి, గట్టిపడిందని నిర్ధారించుకునే దాకా తాళంచెవి నా జేబులోంచి బయటికి రాదు. నువ్వూ అంతే. ఎవరు బిగించినా, ఎంత పేరున్న చోట బిగించినా, కదిలే ముందు నువ్వే నొక్కి చూసుకో.

ఇంకొక్కటి. కొత్త దోసెల పెనం మీద మొదటి రోజే దోసె లేస్తుందా? మీ పిన్నిని అడుగు. నూనె రాసి, సన్న సెగన కాల్చి, రెండు మూడు దోసెలు పాడు చేసుకుంటేగానీ పెనం దారికి రాదు. ప్యాడ్ కూడా డిస్కు మీద సన్నటి పొర అద్దాలి, ఆ పొర మీదే అది పట్టేది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా పో. 50 మీంచి 10కి మెల్లగా తగ్గించు, చల్లారనివ్వు, మళ్లీ తగ్గించు. తొలిరోజే గట్టిగా పట్టి కాల్చేశావంటే ప్యాడ్ మొహం అద్దంలా నునుపెక్కి కీచుమంటుంది. కొత్త ప్యాడ్ వేశాం కదా అని ఆ సాయంత్రమే స్నేహితులతో పందెం కట్టకు. 60 మీద పోయేవాడు సెకనుకి 16 మీటర్ల పైనే దాటిపోతాడు. నీ కన్ను చూసి చేయి కదిలేలోపు అంత దూరం బ్రేకు లేనట్టే. బ్రేకు పట్టాక 30 మీద ఆగడానికి ఎంత దూరం కావాలో, 60 మీద దానికి నాలుగింతలు కావాలి.

ఆదివారం పొద్దున్నే రా. ఎండెక్కక ముందే కాలిపర్ విప్పుదాం. వచ్చేటప్పుడు సీలు తీయని డాట్ 4 డబ్బా ఒకటి తే, చిన్నది చాలు. పిన్నులూ, గ్రీజూ నా దగ్గరున్నాయి. నీ పాత ప్యాడ్లలో ఇంకా ఎంత సరుకుందో నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని, ఆర్డర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. పిన్ని పెసరట్టు పోస్తానంది. వదినని కూడా తీసుకురా, వెనక కూర్చోబెట్టుకుని.