తావో మార్గము - సహజకర్మ

శ్రమించిన దేహము అలయుట సహజము. ఆ అలసట నిద్రతో తీరును. కాని నేటి మానవుని అలసట నిద్రతో తీరుట లేదు. కార్యాలయమున ముగిసిన పని ఫోను రూపమున ఇంటివఱకు వెంబడించుచున్నది. భోజనమునకు కూర్చున్నప్పుడు రేపటి చింత, ప్రార్థనకు కూర్చున్నప్పుడు నిన్నటి చింత. చేతులు ఊరకున్నను చిత్తము ఊరకుండదు.

ఈ వ్యాధికి ప్రాచీన చీనాదేశము ‘వూ వెయ్’ అను ఔషధమును సూచించినది. ‘చేయకుండుట’ యని దానికి అక్షరార్థము. ఈ అర్థమును మాత్రమే గ్రహించి, తావో మార్గము సోమరుల మార్గమని పలువురు భ్రమపడిరి.

లావోట్సే చౌ రాజుల గ్రంథభాండారమునకు అధికారియై యుండెననియు, దేశమును విడిచి పోవుచుండగా కనుమ కాపరి ప్రార్థింపగా తన బోధను వ్రాసి యిచ్చెననియు ఐతిహ్యము. 81 ప్రకరణములు గల ఆ చిన్న గ్రంథమే ‘తావో తే చింగ్’. 1993లో గువోదియన్ వద్ద ఒక సమాధియందు దొరకిన వెదురుపలకలపై దాని భాగములు కనబడినవి. అందలి ప్రియమైన దృష్టాంతము నీరు. నీరు పల్లమునకు పోవును, ఎవరితోను పోటీపడదు. అయినను కఠినశిలను అరగదీయును.

ఈ తత్త్వమును కన్నులార చూపు స్థలమొకటి సిచువాన్ రాష్ట్రమున కలదు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున లీ పింగ్ అను పాలకుడు, వరదలతో పొలములను ముంచుచున్న మిన్ నదికి అడ్డుకట్ట వేయలేదు. రాళ్లు నింపిన వెదురు బుట్టలతో నదీమధ్యమున గట్టును నిర్మించి ప్రవాహమును రెండు పాయలుగ చీల్చెను. నీరు తక్కువైనప్పుడు అధికభాగము పొలములవైపునకును, వరద వచ్చినప్పుడు అధికభాగము వెలుపలి పాయకును తనంతట తానే పోవును. దూజియాంగ్‌యాన్ అను ఆ నిర్మాణము నేటికిని పొలములను తడుపుచున్నది. తావో మతస్థులకు పవిత్రమైన చింగ్‌చెంగ్ పర్వతముతో కూడ దానిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

అయితే ఇట శ్రమ లేదా? కలదు. కొండను తొలిచి కాలువకు దారి చేసిరి. పేరుకొనిన ఇసుకను ఎప్పటికప్పుడు తీసివేయవలసియుండెను. లేనిది శ్రమ కాదు, నదితో కలహము. ‘వూ వెయ్’ అనగా ఇదియే.

చువాంగ్‌ట్సే గ్రంథమున ఒక కటికవాని కథ గలదు. తక్కిన వారి కత్తులు నెలకో, ఏడాదికో పాడగుచుండగా, అతని కత్తి 19 ఏండ్లయినను పదును తప్పలేదు. అతడు ఎముకలను నరుకడు. కీళ్ల నడుమ సందులందే కత్తిని నడపును. కాని చిక్కుముడి ఎదురైనప్పుడు జాగరూకుడై, చూపు నిలిపి, మెల్లగ కదలును. సహజకర్మ అజాగ్రత్త కాదని దీనివలన తెలియుచున్నది. కటికవాడు రాజునకు గురువగుట యెట్లని శంకింప పనిలేదు. మహాభారతమున కౌశికునకు ధర్మబోధ చేసిన ధర్మవ్యాధుడును మాంసవిక్రేతయే గదా!

గృహస్థుడు ఇట ఒక ప్రశ్న వేయవచ్చును: “పెక్కుమందిని పోషింపవలసినవాడు పనులను విడుచుట యెట్లు?” విడువవలసినవి పనులు కావు. ప్రతి పనియందును మూడు శ్రమలు గలవు. పని కోరు శ్రమ యొకటి. పని చేయుచున్నట్లు ఇతరులకు కనబడుటకై పడు శ్రమ రెండవది. ఫలమును ముందుగనే పట్టుకొనవలెనను ఆరాటము మూడవది. మొదటిది దేహమును మాత్రమే అలయించును. తక్కిన రెండును మనస్సును దహించును. ఏటేట నదినుండి ఇసుకను తీసినట్లు ఈ రెంటిని దినదినము తీసివేయుటయే సాధన. గీత నాల్గవ అధ్యాయమున కర్మాకర్మవివేకమును బోధించునది. ఆ వివేకము కర్మను ఈశ్వరార్పణముతో ముడివేయును; లావోట్సే ప్రకృతి గతినే చూపును. మార్గములు వేరైనను, కర్తృత్వభారమును దింపుమనుటయందు ఉభయులును ఏకాభిప్రాయులు.

మఱియొక విషయము మఱువరాదు. ‘తావో తే చింగ్’ బోధలో పెద్దభాగము పాలకుల నుద్దేశించినది. అనావశ్యక శాసనములతో ప్రజలను కలతపెట్టరాదని దాని హితవు. కనుక అధికారియైనవాడు తన తొందరతో పాటు తాను ఇతరులకు కల్పించు తొందరను గూడ పరీక్షించుకొనవలెను. అర్ధరాత్రి పంపిన ఆజ్ఞ మఱియొకని నిద్రను హరించును. బిడ్డను ఎడతెగక పరుగెత్తించు తల్లిదండ్రులు మొలకను ఎదుగుమని పైకి లాగువారి వంటివారు.

కావున సాధకుడు నేడు ఒక చిన్న పనితో ఆరంభించుగాక. ఆ పనియందే చిత్తమును నిలిపి, చిక్కు వచ్చినచోట వేగము తగ్గించి, ముగిసినంతట దానిని విడిచి లేచుగాక. ఆ రాత్రి దేహముతో పాటు మనస్సును నిద్రించును.